ఇంటి నుంచే డాక్టరేట్: భద్రతా రంగంలో మన పిల్లల చదువు

(పెద్దపల్లిలో ముస్లిం విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి మాట్లాడే ప్రతి సభలోనూ 'ఇఖ్రా' అనే పదంతో ఆరంభించడం మన ఆనవాయితీ. ఆ పదం మీద ఉన్న గౌరవం కొద్దీ నేను ఈ రోజు దాన్ని ఉపన్యాసానికి అలంకారంగా వాడదలచుకోలేదు. నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం చాలా నిర్దిష్టమైనది. ఇంటి దగ్గరే ఉండి, ఆన్‌లైన్‌లో, అంతర్గత భద్రత, రక్షణ సేవల విభాగంలో డాక్టరేట్ చేయవచ్చునా? చేస్తే దానికి విలువ ఉంటుందా? ఈ ప్రశ్న అడిగినవారు ఈ జిల్లా యువకులే గనుక సమాధానం కూడా ఈ జిల్లా నేల మీద నిలబడే చెప్పాలి.

ఈ ప్రశ్న పెద్దపల్లిలో పుట్టడం వింతేమీ కాదు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో చదువు ఆగిపోయిన పిల్లవాడికి బాయి ఉండేది. తండ్రి దిగిపోతే కొడుకు మస్టరు పడేది. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. నేడు ఆ సంఖ్య 40 వేల ప్రాంతంలో ఉంది. భూగర్భ గనులు మూతబడుతున్న కొద్దీ ఓపెన్‌కాస్టులు పెరిగాయి, యంత్రాలు పెరిగాయి, కాంట్రాక్టులు పెరిగాయి. గనిలోకి దిగవలసిన యువకుడు గని గేటు దగ్గర కాపలా నిలబడ్డాడు. సింగరేణికి తన సొంత ఎస్ అండ్ పీసీ విభాగం ఉంది. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీకి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా కాస్తున్నది. వీటి చుట్టూ, బ్యాంకుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర, బొగ్గు యార్డుల దగ్గర ప్రైవేటు ఏజెన్సీల గార్డులు. గల్ఫుకు వెళ్లిన మనవాళ్లలో కూడా ఈ యూనిఫారం వేసుకున్నవారు ఎందరో. ఈ సభలోనే రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మానుకొని వచ్చినవారు ఉన్నారని వారి కళ్లు చెబుతున్నాయి.

అటువంటి యువకుడొకడు కొంతకాలం క్రితం నా దగ్గరకు వచ్చాడు. రామగుండం ప్రాంతంలో కాంట్రాక్టు గార్డు. దూరవిద్యలో ప్రభుత్వ పాలనలో ఎం.ఏ. పూర్తి చేశాడు. ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. విదేశీ విశ్వవిద్యాలయం పేరు, నల్ల గౌను వేసుకున్నవారి ఫోటోలు, ప్రవేశ పరీక్ష లేదు, ఉద్యోగం మానక్కరలేదు, ఫీజు వాయిదాల్లో కట్టవచ్చు. మొత్తం కలిపితే లక్షల్లో తేలింది. "అమ్మీ గాజులు బ్యాంకుల పెడ్తే మొదటి కిస్తు ఎల్లుతది భాయిసాబ్. పేరు ముందట డాక్టర్ అని ఉంటే సూపర్‌వైజర్ గూడ కూసో అంటడు గద" అన్నాడు.

ఆ మాటకు నవ్వవద్దని మనవి. పన్నెండు గంటలు నిలబడినవాడు కుర్చీ కోసం ఎంత దూరం ఆలోచిస్తాడో నిలబడనివారికి తెలియదు. అతని ఆశలో తప్పు లేదు. ఆ ఆశను పసిగట్టి దానికి వాయిదాలు కట్టించుకునే వ్యాపారంలోనే తప్పు ఉంది.

చట్టం ఏమంటున్నదో ముందు చెప్పుకుందాం. మన దేశంలో పట్టా ప్రదానం చేసే హక్కు ఎవరికి ఉన్నదో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ నిర్ణయించింది. పీహెచ్‌డీకి సంబంధించి యూజీసీ 2022 నవంబరులో జారీ చేసిన నిబంధనలు అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం దూరవిద్యలోగానీ, ఆన్‌లైన్‌లోగానీ పీహెచ్‌డీ నడపడానికి ఏ విద్యాసంస్థకూ అనుమతి లేదు. అంతకు కొద్ది రోజుల ముందే, అదే ఏడాది అక్టోబరులో, యూజీసీ, ఏఐసీటీఈ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. విదేశీ సంస్థల సహకారంతో అంటూ ఎడ్‌టెక్ కంపెనీలు అమ్ముతున్న ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని, ప్రకటనలు చూసి మోసపోవద్దని అందులో హెచ్చరించాయి. బి.ఏ., ఎం.ఏ. వంటి చదువుల సంగతి వేరు. అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో పొందిన డిగ్రీ సాధారణ డిగ్రీతో సమానమే. కాబట్టి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం నుంచో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచో మీరు సంపాదించిన ఎం.ఏ. చెల్లుతుంది. దాని మీద కట్టుకునే పీహెచ్‌డీ మాత్రం ఆన్‌లైన్‌ది అయితే చెల్లదు.

మరి ఆ ప్రకటన మొత్తం అబద్ధమా అంటే, పూర్తిగా కాదు. ఇక్కడే మన పిల్లలు పొరబడుతున్నారు. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, 2002లో చేసిన చట్టం ద్వారా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఏర్పడింది. 22 ప్రభుత్వ సంస్థలను ఒక గొడుగు కిందికి తెచ్చి 2003 మార్చిలో అది పని ప్రారంభించింది. శాఖ వెనుకే చదువు వచ్చింది. పోలీసులు, అగ్నిమాపక అధికారులు, విపత్తు నిర్వహణ ఉద్యోగులు పని చేస్తూనే చదువుకోవడానికి అక్కడి గుర్తింపు గల విశ్వవిద్యాలయాలు కొన్ని నిజంగానే ఆన్‌లైన్ డాక్టరేట్లు నడుపుతున్నాయి. వాటిలో బోధన ఉంది, పరీక్ష ఉంది, సిద్ధాంత గ్రంథం ఉంది. అయితే ఆ చదువు అక్కడి అధికారి పదోన్నతి కోసం తయారైనది. ఆ శాఖలోని ఉద్యోగాలకు సాధారణంగా అమెరికా పౌరసత్వం తప్పనిసరి, ఆపైన వ్యక్తిగత చరిత్ర మీద లోతైన విచారణ. యైటింక్లయిన్ కాలనీలో కూర్చుని దాన్ని పూర్తి చేసిన మన అబ్బాయికి అక్కడ ఉద్యోగం రాదు, ఇక్కడ అధ్యాపక పోస్టుకు అది పనికిరాదు. చదివిన జ్ఞానం మిగులుతుంది, నిజమే. కానీ ఆ జ్ఞానానికి అమ్మీ గాజుల వెల చెల్లించాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన లెక్క.

అసలు సంస్థ పక్కనే నకిలీ సంస్థ కొట్టు తెరుస్తుంది. 2015 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కరాచీలోని ఎగ్జాక్ట్ అనే కంపెనీ గుట్టు రట్టు చేసింది. లేని విశ్వవిద్యాలయాల పేరిట వందల వెబ్‌సైట్లు, జీతానికి నటించిన ఆచార్యులు, ఫోనులో బతిమాలే అమ్మకందారులు. ఆ పట్టాలు కొన్నవారిలో గల్ఫు దేశాల్లో పనిచేసేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. నడిపినవారు ముస్లింలు, మోసపోయినవారిలో ఎందరో ముస్లింలు. ఈ మాట ఎందుకంటున్నానంటే, ప్రకటనలో సలాం చెప్పినంత మాత్రాన, పేరు మన పేరులా ఉన్నంత మాత్రాన నమ్మే అలవాటు మనకు ఉంది. మన దేశంలోనూ గుర్తింపు ఉండి కూడా దారి తప్పిన సంస్థలున్నాయి. నిబంధనలు పాటించకుండా పీహెచ్‌డీలు ఇచ్చినందుకు రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు విశ్వవిద్యాలయాలను యూజీసీ 2025 జనవరిలో అయిదేళ్ల పాటు పీహెచ్‌డీ ప్రవేశాల నుంచి నిషేధించింది. గల్ఫులో పట్టా సమర్పిస్తే దాని ధ్రువీకరణ జరుగుతుంది. నకిలీదని తేలితే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది. దుబాయిలో గార్డుగా నిలబడాలంటే అక్కడి భద్రతా నియంత్రణ సంస్థ సిరా ఇచ్చే అనుమతి కావాలి. దానికి వారు చెప్పిన శిక్షణ, పరీక్ష కావాలి. డాక్టరేట్ అడిగేవారు ఎవరూ లేరు.

ఇంతవరకూ విన్నవారు, సరే, ఈ రంగమే మనకు వద్దు అనుకోవచ్చు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకిని. ఈ రంగాన్ని చదవడం మనకు ఇతరులకంటే ఎక్కువ అవసరం. ఎందుకంటే భద్రత అనే మాట వినగానే దేశంలో అధికభాగం జనానికి తాము కాపాడబడుతున్నామనే భావన కలుగుతుంది. మన ఇళ్లలో ఆ మాట వినగానే తలుపు గడియ సరిచూసుకుంటారు. 2007 మే 18న మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. చనిపోయినవారు నమాజుకు వచ్చినవారు. తరువాత పోలీసులు పట్టుకుపోయినవారు కూడా ముస్లిం యువకులే. వారిలో చాలామంది న్యాయస్థానాల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2011లో నాటి ప్రభుత్వం వారికి పరిహారం, గుణ ధ్రువపత్రాలు ఇవ్వడానికి పూనుకుంది. నిర్దోషికి నువ్వు మంచివాడివని ప్రభుత్వం కాగితం రాసివ్వవలసిన స్థితి ఎలా వచ్చిందో పరిశోధించవలసిన విషయం కాదా?

లెక్కలు చూడండి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఐపీఎస్‌లో ముస్లింలు 4 శాతమని తేల్చింది. 2011 జనగణనలో దేశ జనాభాలో మనం 14.2 శాతం. పోలీసు బలగాల్లో మతాలవారీ సంఖ్యలను జాతీయ నేర గణాంకాల సంస్థ 2013 వరకు ప్రచురించింది, ఆ తరువాత మానేసింది. లెక్క లేనిచోట వాదన చేయడం ఎంత కష్టమో హక్కుల కార్యకర్తలకు తెలుసు. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2019లో దేశవ్యాప్తంగా సుమారు 12 వేల మంది పోలీసు సిబ్బందిని ప్రశ్నించి ఒక నివేదిక ఇచ్చాయి. ముస్లింలు సహజంగానే నేరాలకు మొగ్గు చూపుతారని వారిలో దాదాపు సగం మంది భావిస్తున్నట్టు తేలింది. నేను ఈ సంఖ్యను కోపం తెప్పించడానికి చెప్పడం లేదు. ఎవరో ఓపికగా ప్రశ్నావళి తయారుచేసి, ఠాణా ఠాణాకు తిరిగి అడిగారు గనుకనే మన అనుభవం ఈ రోజు ఒక సాక్ష్యంగా నిలిచింది. పరిశోధన అంటే ఆ ఓపికే.

ఆ ఓపికకు మన తెలంగాణ బిడ్డ ఒకరు ఉదాహరణ. హైదరాబాదులో పుట్టిన ఒమర్ ఖాలిదీ గారు అమెరికాలోని ఎంఐటీలో గ్రంథాలయ ఉద్యోగి. వేల్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. సైన్యంలో, పోలీసుల్లో, పారామిలిటరీ దళాల్లో ఏ వర్గం వారు ఎందరు, అల్లర్ల సమయంలో దాని ఫలితం ఏమిటి అన్న ప్రశ్న మీద పనిచేసి 2003లో 'ఖాకీ అండ్ ది ఎత్నిక్ వయొలెన్స్ ఇన్ ఇండియా' అనే పుస్తకం వెలువరించారు. సచార్ నివేదికకు మూడేళ్ల ముందు! 2010లో ఆయన మరణించారు. ఆయన చేతిలో అధికారం లేదు, పెద్ద పదవి లేదు. పత్రాలు వెతకడం, పోల్చడం, సరిచూడడం, మళ్లీ సరిచూడడం మాత్రమే ఉంది. ఆయన పుస్తకంతో విభేదించేవారు కూడా దాన్ని దాటిపోలేరు. డాక్టరేట్ అంటే నా దృష్టిలో అది.

ఇంకొక ఉదాహరణ మన కాలానిది. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాదు వీధిలో పోలీసులు ఎస్.క్యూ. మసూద్ గారిని ఆపి, మాస్కు తీయమని ఫోటో తీసుకున్నారు. ఆయన సామాజిక కార్యకర్త. ఆ ఫోటో ఎక్కడికి పోతుంది, ముఖాన్ని గుర్తించే యంత్రంలోకి ఏ చట్టం కింద ఎక్కిస్తారు అని అడిగారు. జవాబు రాకపోవడంతో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తీర్పు ఆయన వాదనకు ఆధారం. ఇటువంటి వ్యాజ్యం నడిచేటప్పుడు న్యాయవాది పక్కన ఆ సాంకేతికతను చదివిన మనిషి ఒకరు కూర్చోవాలి. ఆ యంత్రం ఎక్కడ పొరబడుతుందో, ఎవరి ముఖం దగ్గర ఎక్కువ పొరబడుతుందో చెప్పగలగాలి. ఆ మనిషి మన ఇంట్లో తయారవుతున్నాడా?

ఈ జిల్లాకు భద్రత అనే మాట కొత్తదేమీ కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నాటి నుంచి ఉమ్మడి కరీంనగర్ ప్రజలు రెండు వైపుల తుపాకుల మధ్య బతికారు. ఆ కాలాన్ని బాలగోపాల్ గారు ఊరూరా తిరిగి నమోదు చేశారు. ఆయన డాక్టరేట్ గణితంలో. కాకతీయ విశ్వవిద్యాలయంలో బోధించారు. రాజ్యం గురించి ఆయన తెలుసుకున్నది మాత్రం నిజనిర్ధారణకు వెళ్లిన పల్లెల్లో. అందుకని విషయం పేరులో భద్రత అని ఉన్న పట్టా కోసమే వెతకనక్కరలేదని నా అభిప్రాయం. ప్రభుత్వ పాలన, సమాజశాస్త్రం, న్యాయశాస్త్రం, రాజనీతిశాస్త్రం, సామాజిక సేవాశాస్త్రం, ఏ శాఖలో చేరినా మీ సిద్ధాంత గ్రంథం భద్రత మీద రాయవచ్చు. ఎం.ఏ. ప్రభుత్వ పాలన చదివిన ఆ గార్డు సోదరుడికి నేను మొదట చెప్పింది ఇదే.

మరి దారి ఏమిటి? 2022 నిబంధనలు ఉద్యోగులకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తున్నాయి. పీజీలో 55 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ వర్గాలకూ, ఆర్థికంగా వెనుకబడినవారికీ 5 శాతం సడలింపు ఉంది. కాలం కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. కోర్స్‌వర్క్ పూర్తి చేయాలి, పర్యవేక్షకుడి దగ్గరకు వెళ్లిరావాలి. రోజూ వరంగల్‌లోనో హైదరాబాదులోనో ఉండాలని కాదు, కానీ మనిషి కనబడకుండా మాత్రం పట్టా రాదు. యూజీసీ 2024 నుంచి నెట్ మార్కులతో పీహెచ్‌డీ ప్రవేశానికి వీలు కల్పించింది. నెట్ విషయాల జాబితాలో రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాలూ ఉన్నాయి, నేరశాస్త్రమూ ఉంది, మానవ హక్కులూ ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు. ఈ ప్రాంతంలో కాంట్రాక్టు గార్డు ఇంటికి తెచ్చే జీతంతో దాన్ని పోల్చి చూసుకోండి. కేంద్ర హోంశాఖ కింద గుజరాత్‌లోని గాంధీనగర్ వద్ద రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం 2020 నుంచి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా పనిచేస్తున్నది. భద్రత, పోలీసు పాలన అక్కడి ప్రధాన విషయాలు. సీఐఎస్ఎఫ్ అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీ ఎక్కడో లేదు, మన హైదరాబాదు హకీంపేటలోనే ఉంది.

పార్ట్‌టైమ్ దారిలో ఒక ముల్లు ఉంది, దాన్ని దాచను. యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. చదువుకోవడానికి అనుమతి ఉందని, పనివేళలు చదువుకు సమయమిస్తాయని, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం విధుల నుంచి వదులుతామని అందులో రాయాలి. సింగరేణి పర్మినెంటు ఉద్యోగికి, ఎన్టీపీసీ ఉద్యోగికి అడగడానికి ఒక కార్యాలయం ఉంటుంది. కాంట్రాక్టు గార్డు ఎవరిని అడగాలి? టెండరు మారితే అతని యజమాని మారిపోతాడు, గేటు మాత్రం అదే. నిబంధనలు రాసినవారి దృష్టిలో ఇటువంటి ఉద్యోగి లేడు. ఇది ఒక్క ముస్లింల సమస్య కాదు, గేటు దగ్గర నిలబడిన ప్రతి ఒక్కరిదీ. కార్మిక సంఘాలు ఈ విషయాన్ని చేపట్టాలి. పని చేయించుకునే ప్రధాన సంస్థే ఆ పత్రం ఇచ్చేలా యూజీసీకీ, యాజమాన్యాలకూ వినతిపత్రాలు వెళ్లాలి. ఈ సభ నుంచే మొదటిది వెళితే నేను సంతోషిస్తాను.

డబ్బు సంగతి. మైనారిటీ పరిశోధకులకు 2009 నుంచి ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. ఇతర పథకాలతో కలగలిసి పోతున్నదని డిసెంబరులో లోక్‌సభలో చెప్పిన కారణం. ఓబీసీ ఫెలోషిప్ ఉంది కదా అన్నారు. మనలో చాలామందికి ఆ జవాబు ఎందుకు పనికిరాదో తెలుసుకోవాలి. 2007 చట్టం ద్వారా మనకు దక్కిన బీసీ-ఈ రిజర్వేషన్ రాష్ట్రానిది. కేంద్ర ఓబీసీ జాబితా వేరు. దూదేకుల వంటి కొన్ని వర్గాలు అందులో ఉన్నాయి, బీసీ-ఈ వర్గాలన్నీ లేవు. తహసీలుదారు ఇచ్చిన ఒకే పత్రాన్ని పట్టుకుని కేంద్ర సంస్థకు వెళ్లి చివరి రోజున వెనక్కు వచ్చిన పిల్లలు ఉన్నారు. కేంద్ర జాబితాలో లేనివారు ఆదాయ, ఆస్తి పరిమితుల్లోకి వస్తే ఈడబ్ల్యూఎస్ పత్రం ముందే తీసుకోవాలి. విదేశం వెళ్లి చదవగలిగినవారికి తెలంగాణ ప్రభుత్వ మైనారిటీ విదేశీ విద్యా పథకం ఉంది, 20 లక్షల రూపాయల వరకు. అది వెళ్లి చదివేవారికి. ఇంట్లో కూర్చుని విదేశీ పట్టా తీసుకునేవారికి కాదు.

ఇక భయం గురించి. ఈ రంగం చదివితే అటు ఖాకీలు అనుమానిస్తాయి, ఇటు మన బస్తీ ఇన్‌ఫార్మర్ అంటుంది. ఈ రెండు భయాలూ ఉత్తవి కావు. 2008లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రిజ్వాన్ సబీర్ అనే విద్యార్థి తన పరిశోధన కోసం ఉగ్రవాద సంస్థకు చెందిన ఒక పత్రాన్ని దిగుమతి చేసుకున్నాడు. అది బహిరంగంగా దొరికే పత్రమే. విశ్వవిద్యాలయమే పోలీసులకు సమాచారమిచ్చింది. ఏడు రోజులు నిర్బంధించి, ఏ అభియోగమూ లేకుండా వదిలారు. 2011లో పోలీసులు అతనికి 20,000 పౌండ్లు చెల్లించి వివాదం పరిష్కరించుకున్నారు. అతను చదువు మానలేదు. డాక్టరేట్ పూర్తి చేసి, ఉగ్రవాద నిరోధక విధానాలను బోధించే అధ్యాపకుడయ్యాడు. బ్రిటన్‌లో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థికే అలా జరిగితే, ఎవరికీ తెలియని ఆన్‌లైన్ సంస్థలో పేరు నమోదు చేసుకుని, గోదావరిఖనిలో ఇంటి గదిలో ఒంటరిగా అటువంటి పత్రాలు తిరగేసే యువకుడి పరిస్థితి ఊహించండి. అతని తరఫున మాట్లాడే ఆచార్యుడు ఉండడు, చిరునామా ఉన్న విశ్వవిద్యాలయం ఉండదు. ఆన్‌లైన్ డాక్టరేట్ పట్ల నా అభ్యంతరాల్లో అన్నింటికంటే పెద్దది ఇది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. పరిశోధనాంశానికి రాతపూర్వక ఆమోదం, పర్యవేక్షకుడి సంతకం, నైతిక సంఘం అనుమతి చేతిలో పెట్టుకోకుండా ఈ రంగంలో ఒక్క ఫైలు కూడా తెరవవద్దు. తెరిచిన ప్రతిదానికీ తేదీతో సహా రాసిపెట్టుకోండి.

పైగా ఈ నేల మీద పరిశోధనకు విషయాలు అడుగడుగునా ఉన్నాయి, వాటి కోసం ఉగ్రవాదం దాకా వెళ్లనక్కరలేదు. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం కింద గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలి. రామగుండం గేట్ల దగ్గర నిలబడిన మనవారిలో ఎందరికి అది అందింది? ఈ ఒక్క ప్రశ్నతో ఒక సిద్ధాంత గ్రంథం తయారవుతుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ కుటుంబాలకు ఈ ఊళ్లో అందరూ తెలుసు. ప్రమాద సమాచారం గని లోపలి నుంచి పైకి, పై నుంచి ఇళ్లకు ఎలా ప్రయాణిస్తుందో ఎవరైనా కూర్చుని రాశారా? 2022 జూలైలో గోదావరి పొంగి మంథని నీట మునిగింది. హెచ్చరిక ఏ గంటకు ఎవరికి చేరింది, ఉర్దూ మాత్రమే తెలిసిన ముసలమ్మకు ఎవరు చెప్పారు? దివ్యఖుర్ఆన్‌లోని ఖురైష్ సూరా ఆకలి తీర్చడాన్నీ భయం నుంచి అభయమివ్వడాన్నీ పక్కపక్కనే పేర్కొంటుంది. రక్షణ అనేది లాఠీకి మాత్రమే చెందిన విషయమని మనం ఎందుకు ఒప్పుకోవాలి?

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటి నుంచే చదువు అనగానే మీకు అది కూతురికి తగినదిగా తోస్తుంది, నాకు అర్థమవుతుంది. కానీ నిబంధనలు అమ్మాయిలకు వెసులుబాటును అసలైన పీహెచ్‌డీలోనే ఇచ్చాయి. గరిష్ఠ కాలానికి అదనంగా రెండేళ్లు, ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు. పెళ్లయితే చదువు ఆగిపోతుందన్న వాదనకు ఇప్పుడు చట్టబద్ధమైన జవాబు ఉంది. పైగా ఠాణాకు వచ్చిన ముస్లిం మహిళ ఏం చెప్పలేకపోయిందో అడిగి తెలుసుకోగల పరిశోధకుడు మగవాడు కాలేడు.

ఆన్‌లైన్‌ను నేను శత్రువుగా చూడడం లేదు. స్వయం వేదికలో ఉచిత పాఠాలున్నాయి, విదేశీ విశ్వవిద్యాలయాల ఉపన్యాసాలున్నాయి. రాత్రి డ్యూటీలో విరామం దొరికినప్పుడు వినండి. నెట్‌కు తయారుకండి. డబ్బు కట్టమన్నప్పుడు మాత్రం ఆగండి. ఆ సంస్థ పేరు యూజీసీ జాబితాలో మీరే చూడండి, వారు పంపిన లింకులో చూడవద్దు. పర్యవేక్షకుడు ఎవరని అడగండి, ఆయన పనిచేసే చోటికి మీరే ఫోన్ చేయండి. ఈ పట్టాతో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత ఉంటుందని రాసి సంతకం చేసి ఇమ్మనండి. ఫోన్ పెట్టేసేది ఎవరో మీకే తెలుస్తుంది.

సభ ముగిశాక ఆ మూల బల్ల దగ్గర మన మిత్రులు ఇద్దరు కూర్చుంటారు. ఎవరి ఇంట్లోనైనా ఇప్పటికే ఫీజు కట్టి ఉంటే సిగ్గుపడకుండా రసీదులు, వారు పంపిన సందేశాల నకళ్లు తీసుకురండి. వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు ఎలా రాయాలో వారు సాయం చేస్తారు. ఇప్పుడు ప్రశ్నలు. ముందుగా వెనుక వరుసలో కూర్చున్న సోదరీమణులను అడగనివ్వండి.